బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది: ఒక ఆసుపత్రి సర్వర్‌ని మళ్ళీ లేపిన కేసు

గుంటూరు జిల్లాలో ఒక మధ్యరకం ఆసుపత్రి. ల్యాబ్ రిపోర్టులు, బిల్లింగ్, ఫార్మసీ స్టాకు అన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. 2యూ ర్యాక్ మెషిన్, రెండో తరం ఇంటెల్ జియాన్ స్కేలబుల్ ప్రాసెసర్లు రెండు, సాఫ్ట్‌వేర్ రైడ్ 1లో (ఒకదానికొకటి నకలుగా) రెండు ఎన్‌వీఎంఈ డిస్క్‌లు (వేగమైన ఎస్‌ఎస్‌డీలు), ఆపరేటింగ్ సిస్టమ్ ఆల్మాలైనక్స్ 8, దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. లైనక్స్ వైపు పని నాది. హార్డ్‌వేర్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) వేరేవాళ్ళది. వాళ్ళ పేరుతో గాని, సర్వర్ తయారుచేసిన కంపెనీ పేరుతో గాని ఇక్కడ పని లేదు. ఈ కథ చాలా కంపెనీల బోర్డులతో ఇలాగే జరగొచ్చు.

కొన్ని వారాలుగా బోర్డు ఈవెంట్ లాగ్‌లో ఒక మెమరీ స్లాట్ నుంచి ఈసీసీ (మెమరీ తప్పులని పట్టి సరిదిద్దే ఏర్పాటు) ఎర్రర్లు వస్తున్నాయి. అన్నీ దానంతట అది సరిదిద్దుకున్న రకమే, ప్రమాదకరమైనవి కావు. సపోర్ట్ వాళ్ళని అడిగితే వచ్చిన జవాబు అందరికీ తెలిసిందే: ముందు బయోస్ కొత్త వెర్షన్ వేయండి, తర్వాత చూద్దాం. బయోస్ అంటే మెషిన్ ఆన్ చేయగానే మొదట నడిచి మిగతా అన్నిటినీ లేపే ప్రోగ్రామ్. ఇలా బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌ని ఫర్మ్‌వేర్ అంటారు. ఏఎంసీ కుర్రాడు రాత్రి ఓపీ అయిపోయాక వచ్చి, సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, యూఎస్‌బీ పెట్టి, యూఈఎఫ్‌ఐ షెల్ (ఇప్పటి రకం బయోస్‌లో కమాండ్లు కొట్టే తెర) నుంచి ఫ్లాష్, అంటే కొత్త వెర్షన్‌ని చిప్‌లోకి రాయడం, మొదలుపెట్టాడు. సగంలో కరెంటు పోయింది.

జనరేటర్ అందుకోవడానికి పట్టే ఆ కొన్ని సెకన్లు యూపీఎస్ మోయాలి. బ్యాటరీలు ముసలివైపోయాయి, మోయలేదు. సర్వర్‌కి పవర్ సప్లైలు రెండున్నాయి కదా అంటే, ఉన్నాయి. రెండు వైర్లూ ఆ ఒక్క యూపీఎస్‌కే పెట్టి ఉన్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

నేను వెళ్ళేసరికి ఫ్యాన్లు ఫుల్ స్పీడులో అరుస్తున్నాయి, మానిటర్ మీద ఏమీ లేదు, ముందు ప్యానెల్ మీద పవర్ లైటు మాత్రం వెలుగుతోంది. "ర్యామ్ అంతా తీసి పెట్టాం సార్, సెల్ కూడా తీసి పెట్టాం, లాభం లేదు," అన్నాడు కుర్రాడు. సెల్ అంటే బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ బ్యాటరీ. అది తీయడం వల్ల ఆ క్షణంలో ఒరిగిందేమీ లేదు గానీ తర్వాత ఒక చిక్కు తెచ్చింది, దాని సంగతి దాని చోట చెబుతాను. ఐటీ చూసే మేడమ్ అడిగింది ఒక్కటే: డేటా ఉందా, పోయిందా?

ఆ ప్రశ్నకి మెషిన్ విప్పకుండానే జవాబు చెప్పొచ్చు. ఫ్లాష్ మొదలయ్యేటప్పటికి ఆపరేటింగ్ సిస్టమ్ షట్‌డౌన్ అయి ఉంది. బయోస్ ఉండేది బోర్డు మీద విడిగా ఉన్న ఒక చిన్న ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్‌లో. యూఈఎఫ్‌ఐ షెల్ నుంచి నడిచే ఫ్లాష్ ప్రోగ్రామ్ రాసేది ఆ చిప్‌లోకే, డిస్క్‌ల జోలికి పోదు. కాబట్టి డేటా చెక్కుచెదరకుండా ఉందనే లెక్క. పోయింది ఆ డేటా దాకా వెళ్ళే దారి. ఈ సంగతి గట్టిగా చెప్పడం ఎందుకు అవసరమంటే, ఆ రాత్రి గదిలో ఉన్నవాళ్ళలో సగంమంది "కొత్తగా ఇన్‌స్టాల్ చేసి బ్యాకప్ ఎక్కించేద్దాం" అనే మూడ్‌లో ఉన్నారు. బ్యాకప్ ముందురోజు రాత్రిది. ఎక్కిస్తే ఒక రోజు ల్యాబ్ రిపోర్టులు ఊరికే పోతాయి.

ఏది బతికుంది

ఇలాంటి మెషిన్ ముందు కూర్చున్నప్పుడు నేను ముందు చూసేది ఏది చచ్చిందని కాదు, ఏది బతికుందని. సర్వర్ బోర్డు మీద బీఎంసీ అని ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత ఫ్లాష్ చిప్ ఉంటాయి. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, వైరు పెట్టి ఉంటే చాలు, స్టాండ్‌బై కరెంటుతో అది నడుస్తూనే ఉంటుంది. మన సర్వర్ వెనక మేనేజ్‌మెంట్ పోర్టు లైటు మిణుకుతోంది. అంటే బీఎంసీ బతికే ఉంది. సగం టెన్షన్ అక్కడే తగ్గింది.

ల్యాప్‌టాప్‌ని నేరుగా ఆ పోర్టుకే వైరుతో కలిపాను. ఆసుపత్రి వై-ఫై మీదుగా ఫర్మ్‌వేర్ పంపించే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు పాస్‌వర్డ్ కావాలి. ఎవరికీ తెలియదు. పాత రోజుల్లో అయితే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అన్ని మెషిన్లకీ ఒకటే ఉండేది, ఎవరైనా కొట్టేసేవారు. నెట్‌కి కలిసే పరికరాల మీద కాలిఫోర్నియా తెచ్చిన చట్టం 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక కంపెనీలు ఒక్కో మెషిన్‌కి ఒక్కో పాస్‌వర్డ్ ముద్రించి అంటించడం మొదలుపెట్టాయి. ఇది ఆ తర్వాత కొన్న మెషినే. ముందు వైపు చిన్న ప్లాస్టిక్ పలక బయటికి లాగితే దాని మీద ఉండాలి. లాగి చూస్తే, ఆడిట్ వాళ్ళ అసెట్ నంబర్ స్టిక్కర్ సరిగ్గా దాని మీదే అంటించి ఉంది. గోటితో అంచు లేపి, హెయిర్ డ్రయ్యర్ ఎక్కడా దొరక్క టీ ఫ్లాస్క్ వేడికి కాసేపు ఆనించి, మెల్లగా ఒలిచాం. కింద అక్షరాలు ఒకటి రెండు చెదిరినా చదవడానికి వచ్చాయి.

లోపలికి వెళ్ళాక చూసినవి: పవర్ సప్లైలు రెండూ బాగున్నాయి, వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయి, ప్రాసెసర్ వేడి కనిపిస్తోంది. బయోస్ వెర్షన్ ఉండాల్సిన చోట ఖాళీ. పోస్ట్ కోడ్ (లేచేటప్పుడు బయోస్ ఏ దశలో ఉందో చెప్పే అంకె) చూపించే పేజీలో, పవర్ ఆన్ చేసిన తర్వాత అంకె కదలడం లేదు. మామూలుగా మెషిన్ లేచేటప్పుడు ఈ రెండంకెల కోడ్ గబగబా మారుతూ పోతుంది. ఏదో ఒక అంకె దగ్గర ఆగితే ఆ పనిలో ఇబ్బంది వచ్చిందని అర్థం: మెమరీ దగ్గర ఆగొచ్చు, పీసీఐ కార్డుల దగ్గర ఆగొచ్చు. అసలు మొదలే కాకపోతే ప్రాసెసర్‌కి నడపడానికి మొదటి సూచనే దొరకలేదన్నమాట. ఏం జరిగిందో మనకి ముందే తెలుసు కాబట్టి ర్యామ్‌లూ కార్డులూ ఒక్కొక్కటీ తీసి పెట్టే ఆట అక్కడితో ఆపించాను. ఆ ర్యామ్‌లని మాత్రం బోర్డు మీద గీసిన స్లాట్ క్రమం చూసి మళ్ళీ సరిగ్గా పెట్టించాల్సి వచ్చింది. రెండు తప్పు చోట్ల ఉన్నాయి.

ఏ వెర్షన్ వేయాలి

నా బ్యాగులో ఎస్‌పీఐ ప్రోగ్రామర్ (బయోస్ చిప్‌లోకి బయటినుంచి నేరుగా రాసే పరికరం), చిప్‌ని పట్టుకునే క్లిప్ ఉన్నాయి. కుర్రాడి కళ్ళు వాటి మీదే ఉన్నాయి, అవి చూడటానికి హీరోయిక్‌గా ఉంటాయి కదా. నేను వాటిని ఆఖరి మార్గంగానే చూస్తాను. బజారులో చవగ్గా దొరికే సీహెచ్341ఏ ప్రోగ్రామర్లలో చాలావాటికి ఒక పాత జబ్బు ఉంది: 3.3 వోల్టుల చిప్‌కి సిగ్నల్ తీగల మీద 5 వోల్టులు పంపుతాయి. 1.8 వోల్టుల చిప్ అయితే విడిగా అడాప్టర్ లేకుండా ముట్టుకోకూడదు. బోర్డు మీదే క్లిప్ పెడితే ఆ కరెంటు చుట్టుపక్కల భాగాల్లోకి కూడా పారుతుంది. పైగా ఇంటెల్ బోర్డు చిప్‌లో బయోస్ ఒక్కటే ఉండదు. డిస్క్రిప్టర్ (చిప్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక), ఎంఈ (ఇంటెల్ సొంత మేనేజ్‌మెంట్ ప్రోగ్రామ్), కొన్ని బోర్డుల్లో లాన్ మ్యాక్ అడ్రస్ ఉండే భాగం, సీరియల్ నంబర్, అన్నీ అందులోనే ఉంటాయి. ఎక్కడినుంచో తెచ్చిన పూర్తి ఇమేజ్ దాని మీద దింపితే మెషిన్ లేస్తుంది గానీ ఇంకో మెషిన్ పేరుతో లేస్తుంది. బీఎంసీ బతికుండగా ఇదంతా గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

బీఎంసీ ఆ ఎస్‌పీఐ చిప్‌ని తన వైపు తిప్పుకుని, సర్వర్ ఆఫ్‌లో ఉండగానే అందులోకి రాయగలదు. కొన్ని కంపెనీల బోర్డుల్లో ఈ సదుపాయానికి విడిగా లైసెన్స్ కీ కొనాలి. ఇక్కడ ముందే ఉంది. ఇక తేలాల్సింది ఏ ఫైల్ వేయాలన్నదే.

కుర్రాడు తెచ్చిన కొత్త వెర్షన్ ఎలాగూ యూఎస్‌బీలో ఉంది, అదే వేసేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ మెషిన్ మీద నిన్నటిదాకా నడిచిన వెర్షన్ ఏదో అదే కావాలి. ఎందుకంటే ఇప్పటికే ఒకటి మారింది, దాని మీద రెండోది మార్చితే తర్వాత వచ్చే ప్రతి తేడాకీ కారణం ఏదో చెప్పలేం. ఉదాహరణకి లైనక్స్‌లో ఈఎన్‌ఓ1 లాంటి నెట్‌వర్క్ కార్డు పేర్లలో ఆ అంకె ఫర్మ్‌వేర్ ఇచ్చేదే. బయోస్ వెర్షన్ మారితే ఆ పేర్లు మారిన సందర్భాలు ఉన్నాయి, పేరు మారితే ఐపీ సెట్టింగ్ అతకదు. అలాగని మరీ పాతది కూడా పనికిరాదు. రెండో తరం జియాన్‌ని గుర్తుపట్టని పాత బయోస్ వేస్తే మళ్ళీ ఇదే నల్ల తెర.

పాత వెర్షన్ నంబర్ ఎవరూ రాసి పెట్టుకోలేదు. బీఎంసీలో ఖాళీ. కొన్నప్పటి కాగితాల్లో ఉండదు. కానీ అది ఒకచోట తప్పకుండా ఉంటుంది: లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లేచిన ప్రతిసారీ మొదటి పేజీలోనే డీఎంఐ అని ఒక వరుస రాస్తుంది. అందులో బోర్డు మోడల్, బయోస్ వెర్షన్, దాని తేదీ మూడూ ఉంటాయి. ఆ వరుస వార్-లాగ్-మెసేజెస్ ఫైల్లోకి చేరుతుంది. ఆసుపత్రి రోజూ ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్‌లో ఉండే నిల్వ పెట్టె) మీదకి తీసే బ్యాకప్‌లో వార్ ఫోల్డర్ కూడా ఉంది. లాగ్ ఫైళ్ళు వారానికోసారి మారి, నాలుగు వారాల తర్వాత పాతవి చెరిగిపోతాయి కాబట్టి సర్వర్ మీద అసలు ఫైలు ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. చివరి రీబూట్ అంతకంటే పాతది. ఎన్‌ఏఎస్‌లో పాత బ్యాకప్‌లు ఉండబట్టి దొరికింది.

ఆ ఫైల్ నుంచి చివరిసారి బాగా లేచినప్పటి కెర్నల్ లాగ్ మొత్తం తీసి నా ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. వెర్షన్ నంబర్ కోసం తీసింది, ఆ రాత్రి అంతకంటే పెద్ద పనికి వచ్చింది.

తయారీ కంపెనీ సైట్ నుంచి ఆ వెర్షన్ దింపి, ఫైలు చెడకుండా దిగిందో లేదో చెక్‌సమ్ సరిచూసి, బీఎంసీ పేజీలో ఎక్కించాను. అక్కడ మూడు టిక్ పెట్టెలు ఉంటాయి: ఎన్‌వీరామ్ ఉంచాలా, ఎస్ఎంబయోస్ సమాచారం ఉంచాలా, ఎంఈ భాగం ఉంచాలా. తొందరలో ఎవరూ వీటిని చదవరు. ఎస్ఎంబయోస్ ఉంచమన్నాను, లేకపోతే సీరియల్ నంబర్, యూయూఐడీ (ఆ మెషిన్‌కే ఉండే గుర్తింపు నంబర్) పోతాయి. ఎంఈ ఉంచమన్నాను. ఎన్‌వీరామ్‌ని మాత్రం ఉంచవద్దన్నాను. బయోస్ సెట్టింగులు, బూట్ ఎంట్రీలు ఉండేది అందులోనే, అవి పోతాయని తెలుసు. కానీ సగం రాసి ఆగిన చిప్‌లో ఆ భాగం ఏ స్థితిలో ఉందో నమ్మలేం. చెడిన ఎన్‌వీరామ్‌తో లేచీ లేవకుండా సతాయించే మెషిన్ కంటే, అన్నీ మర్చిపోయి శుభ్రంగా లేచే మెషిన్ నయం.

ఫ్లాష్ నడుస్తున్నంతసేపు సర్వర్ వైర్లలో ఒకటి యూపీఎస్‌లో, ఇంకొకటి జనరేటర్ మీద నడుస్తున్న ప్లగ్గులో పెట్టించాను. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాను. బ్రౌజర్‌లో గీత నిండుతున్నంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

లేచింది, కానీ

ఫర్మ్‌వేర్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు జరిగేది తెలియకపోతే భయం వేస్తుంది. మెమరీని మొదటినుంచి కొలిచి సర్దుకోవాలి, అందుకు నిమిషాలు పడుతుంది. మధ్యలో తనంతట తనే ఆఫ్ అయి ఆన్ అవుతుంది. "మళ్ళీ రీస్టార్ట్ అయిపోయింది సార్," అని కుర్రాడి చెయ్యి పవర్ బటన్ మీదకి పోతోంటే ఆపాల్సి వచ్చింది. బీఎంసీలో పోస్ట్ కోడ్ మారుతూ ఉన్నంతసేపు ముట్టుకోకూడదు. తెర మీద లోగో వచ్చింది. తర్వాత అన్ని సెట్టింగులూ ఫ్యాక్టరీ విలువలకి మారాయన్న హెచ్చరిక. ఆ తర్వాత తెల్ల అక్షరాల్లో పీఎక్స్ఈ (నెట్‌వర్క్ నుంచి లేచే ప్రయత్నం), ఐపీ ఇచ్చే డీహెచ్‌సీపీ కోసం ఎదురుచూపు.

ఇది తేలికైన ముడి. ఫ్యాక్టరీ విలువల్లో బూట్ మోడ్ లెగసీ (పాత పద్ధతి), యూఈఎఫ్‌ఐ (కొత్తది) రెండూ కలిపి ఉంది, ముందు వరుసలో నెట్‌వర్క్ ఉంది. మోడ్ యూఈఎఫ్‌ఐకి మార్చి, నెట్‌వర్క్ బూట్ తీసేశాను. బూట్ ఎంట్రీ మళ్ళీ చేత్తో రాయాల్సిన పని పడలేదు. ఈఎస్‌పీ (డిస్క్ మీద బూట్ ఫైళ్ళు ఉండే) పార్టిషన్‌లో ఈఎఫ్‌ఐ-బూట్ ఫోల్డర్‌లో ఉండే బూట్ఎక్స్64 ఫైలుని ఏ ఎంట్రీ లేకపోయినా ఫర్మ్‌వేర్ వెతుక్కుంటుంది. ఆల్మాలైనక్స్ కూడా ఉన్న రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆ ఫైలు పక్కనే ఫాల్‌బ్యాక్ ప్రోగ్రామ్ ఒకటి ఉండి, పోయిన ఎంట్రీని తిరిగి రాసేస్తుంది. గ్రబ్ (కెర్నల్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) మెనూ కనిపించింది, కెర్నల్ లోడ్ అయింది. గదిలో చప్పట్లు కూడా కొట్టారు.

చప్పట్లు ఆగేలోపే డ్రాకట్ (కెర్నల్‌కి తొలి డ్రైవర్లు అందించే ఏర్పాటు) టైమౌట్ హెచ్చరికలు వరుసగా పడటం మొదలైంది. కొన్ని నిమిషాల తర్వాత రూట్ డివైస్ (సిస్టమ్ ఉండే డిస్క్) లేదని చెప్పి, డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో పడేసింది. డిస్క్‌ల జాబితా అడిగితే ఖాళీ. ప్రాక్-పార్టిషన్స్ ఖాళీ. దేవ్ ఫోల్డర్‌లో ఎన్‌వీఎంఈ అన్న పేరే లేదు.

"డిస్క్‌లు కూడా పోయాయి సార్," అన్నాడు కుర్రాడు. మేడమ్ ముఖం పాలిపోయింది.

ఈ కేసంతటిలో మలుపు ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. డిస్క్‌లు పోతే గ్రబ్ ఎక్కడినుంచి వచ్చింది? కెర్నల్ ఫైలు ఎక్కడినుంచి చదివింది? ఆ రెండూ ఆ ఎన్‌వీఎంఈ డిస్క్‌ల మీదే ఉన్నాయి. ఒక నిమిషం క్రితం చదవగలిగిన డిస్క్ ఇప్పుడు కనిపించడం లేదంటే, తేడా డిస్క్‌లో లేదు, చదివేవాడిలో ఉంది. ఇలాంటి మెషిన్‌లో గ్రబ్ మామూలుగా సొంత డిస్క్ డ్రైవర్లు వాడదు, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌ని అడిగి చదువుతుంది. కెర్నల్ లేచాక ఫర్మ్‌వేర్‌ని పక్కకి నెట్టి తన సొంత డ్రైవర్లతో చదువుతుంది. ఫర్మ్‌వేర్‌కి ఆ డిస్క్‌ల దారి తెలుసు, ఈ కెర్నల్‌కి తెలియదు.

ఆ షెల్‌లో ఎల్ఎస్‌పీసీఐ ఉండదు. కానీ సిస్ ఫోల్డర్ కింద పీసీఐ పరికరాల జాబితా ఉంటుంది, ఒక్కొక్కదాని వెండర్, డివైస్ ఫైళ్ళు తెరిచి చూడొచ్చు. ఎన్‌వీఎంఈ తరగతి పరికరం ఒక్కటీ లేదు. వాటి బదులు 8086, 201డీ అన్న నంబర్లతో కొన్ని కనిపించాయి. 8086 అంటే ఇంటెల్. 201డీ అంటే ఆ తరం జియాన్‌లో ఉండే వీఎండీ, వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్. ఎన్‌వీఎంఈ డిస్క్‌లని తన వెనక దాచుకుని, తన ద్వారానే చూపించే అమరిక అది. దాని డ్రైవర్ లేని కెర్నల్‌కి డిస్క్‌లు లేనట్టే.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత లాగ్ తెరిచాను. చివరిసారి బాగా లేచినప్పుడు ఎన్‌వీఎంఈ డిస్క్‌ల పీసీఐ అడ్రస్ 0000 తో మొదలైంది. వీఎండీ వెనక ఉంటే అది 10000 తో మొదలవ్వాలి. అంటే నిన్నటిదాకా వీఎండీ ఆఫ్‌లో ఉంది, ఫ్యాక్టరీ విలువలతో ఆన్ అయింది. డ్రాకట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్‌తో పాటు లోడ్ అయ్యే తొలి డ్రైవర్ల మూట) తయారుచేసేటప్పుడు హోస్ట్‌ఓన్లీ పద్ధతిలో ఆ మెషిన్‌లో అప్పటికి కనిపించే పరికరాల డ్రైవర్లే పెడుతుంది. అప్పుడు వీఎండీ కనిపించలేదు, డ్రైవర్ పెట్టలేదు. కథ మొత్తం అతికింది.

అయినా సెట్టింగ్ మార్చే ముందు ఒకసారి రుజువు చూసుకున్నాను. గ్రబ్ మెనూలో రెస్క్యూ అన్న ఎంట్రీ ఒకటి ఉంటుంది, దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో అన్ని రకాల డ్రైవర్లూ ఉంటాయి. దాన్ని ఎంచుకుని, కెర్నల్ వరుస చివర ఆర్‌డీ.బ్రేక్=ప్రీ-మౌంట్ చేర్చాను, ఫైల్ సిస్టమ్ మౌంట్ చేసే ముందే ఆగేలా. డిస్క్‌ల జాబితా అడిగితే రెండు డిస్క్‌లూ, వాటి మీద రైడూ, ఎల్‌వీఎం వాల్యూములూ (డిస్క్‌ని పంచుకున్న భాగాలు) అన్నీ వరుసగా కనిపించాయి. తెరని మేడమ్ వైపు తిప్పి చూపించాను. ఆవిడ కుర్చీలో కూర్చోవడం ఆ రాత్రి అప్పుడే మొదలు.

రెండు దారులున్నాయి. రెస్క్యూ కెర్నల్‌తో లేచి వీఎండీ డ్రైవర్ చేర్చి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్ళీ తయారుచేయడం ఒకటి. బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసి పాత స్థితికి తీసుకెళ్ళడం రెండోది. నేను రెండోదే చేశాను. అర్ధరాత్రి పని కొత్తది కట్టడం కాదు, నిన్నటిది తిరిగి నిలబెట్టడం.

మిగతా సెట్టింగులు కూడా ఆ లాగ్ నుంచే తేలాయి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే లేవనిచ్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉందని ఒక వరుస చెప్పింది. కెర్నల్ ఎన్ని సీపీయూలు లెక్కపెట్టిందో చూస్తే హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండుగా కనిపించే సెట్టింగ్) ఆన్‌లో ఉందని తెలిసింది. ఐఓఎంఎంయూ వరుసలు చూస్తే వీటీ-డీ (పరికరాలు మెమరీని వాడే తీరుని అదుపుచేసే సెట్టింగ్) సంగతి తెలిసింది. కరెంటు తిరిగొచ్చినప్పుడు సర్వర్ తనంతట తనే లేవాలా వద్దా అన్న సెట్టింగ్ మాత్రం ఏ లాగూ చెప్పదు, అది మేడమ్‌ని అడిగి పెట్టాం.

ఇక్కడ సెక్యూర్ బూట్ లేకపోవడం వల్ల ఒక తలనొప్పి తప్పింది. అది ఆన్‌లో ఉండి, బయటి డ్రైవర్లకి సొంత సంతకం వాడే చోట్ల, ఆ తాళాల జాబితా కూడా ఎన్‌వీరామ్‌లోనే ఉంటుంది. అది చెరిగితే డ్రైవర్ లోడ్ కాదు. డిస్క్ ఎన్‌క్రిప్షన్‌ని టీపీఎంకి (బోర్డు మీద తాళాలు దాచే చిప్‌కి) ముడేసిన చోటైతే ఇంకా కష్టం. విండోస్ సర్వర్‌లో బిట్‌లాకర్ (విండోస్ సొంత డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడుందో తెలియకుండా బయోస్ ముట్టుకోవద్దు.

గడియారం

సెల్ తీసిన చిక్కు ఇప్పుడొచ్చింది. బోర్డు గడియారం కొన్నేళ్ళు వెనక్కి, ఆ బయోస్ తయారైన ఏడాదికి వెళ్ళిపోయింది. కుర్రాడు సెటప్‌లోకి వెళ్ళి గోడ గడియారం చూసి టైము కొట్టాడు. చూడటానికి సరిగ్గానే ఉంది. కానీ ఈ లైనక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక టైముగా) తీసుకుంటుంది, దానికి అయిదున్నర గంటలు కలిపి మన టైము చూపిస్తుంది. రాత్రి ఒంటిగంట దాటి పది నిమిషాలకి 1:10 అని కొడితే సర్వర్ ఉదయం 6:40 అనుకుంటుంది. కొట్టాల్సింది ముందురోజు తేదీ, 19:40.

ఆసుపత్రిలో ఇది చిన్న విషయం కాదు. ల్యాబ్ శాంపిల్ నంబర్లు తేదీతో మొదలవుతాయి, బిల్లు మీద టైము పడుతుంది. తప్పు టైముతో డేటాబేస్ లేచి, నాలుగు బిల్లులు కొట్టాక క్రోనీ (టైము సరిచూసే ప్రోగ్రామ్) నెట్ నుంచి సరైన టైము తెచ్చి గడియారాన్ని వెనక్కి లాగితే, ఆ నాలుగు బిల్లులూ ఇంకా రాని తెల్లవారుజామున కొట్టినట్టు ఉండిపోతాయి. పాడైన డిస్క్‌ని మార్చొచ్చు, ఇలాంటి రికార్డులని సరిచేయడానికి అకౌంట్స్ వాళ్ళతో నెలాఖరు దాకా కూర్చోవాలి. అందుకే బయోస్‌లో టైము యూటీసీలో సరిచేసి, మొదటి బూట్‌ని రెస్క్యూ టార్గెట్‌లోకే తీసుకెళ్ళాను. కెర్నల్ వరుసలో సిస్టమ్‌డీ.యూనిట్=రెస్క్యూ.టార్గెట్ అని చేరిస్తే పోస్ట్‌గ్రెస్, అప్లికేషన్ ఏవీ లేవవు. తేదీ చూసుకున్నాను. ఎండీఆడ్మ్ (రైడ్‌ని చూసుకునే కమాండ్) వివరాలు చూస్తే రెండు డిస్క్‌లూ క్లీన్‌గా, కలిసే ఉన్నాయి. నెట్‌వర్క్ కార్డులు పాత పేర్లతోనే ఉన్నాయి. ఆ తర్వాత నెట్‌వర్క్, క్రోనీ మాత్రం లేపి, టైము కుదిరిందని తేలాక డేటాబేస్.

పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో వచ్చిన మొదటి వరుస డేటాబేస్ ఫలానా టైముకి షట్‌డౌన్ అయిందని. కరెంటు దెబ్బ తగిలి ఉంటే "షట్‌డౌన్" బదులు "ఇంటరప్టెడ్" అన్న మాట ఉండేది. సాయంత్రం ఆఖరి ల్యాబ్ రిపోర్టు తెరిచి చూపించమన్నారు, తెరుచుకుంది. పొద్దున ఓపీకి కౌంటర్లన్నీ మామూలుగా నడిచాయి.

తర్వాత మార్చినవి

రెండో పవర్ వైరు వేరే యూపీఎస్‌కి మారింది. పాత యూపీఎస్ బ్యాటరీలు మార్చారు, మార్చాక లోడ్ పెట్టి మెయిన్స్ ఆపి చూశారు. ఇంతకు ముందు అలా ఎప్పుడూ చూడలేదట.

బయోస్ సెట్టింగులన్నీ రెడ్‌ఫిష్ (బీఎంసీతో మాట్లాడే ప్రామాణిక పద్ధతి) ద్వారా ఫైలుగా తీసి ఎన్‌ఏఎస్ మీద పెట్టాం, కెర్నల్ లాగ్ కాపీ దాని పక్కనే. బూట్ ఎంట్రీలు, రైడ్, డిస్క్‌లు చూపించే కమాండ్లు ఎఫీబూట్‌మేనేజర్, ఎండీఆడ్మ్, ఎల్ఎస్‌బీఎల్‌కే ఇచ్చే జవాబులు ప్రింట్ తీసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించాం. బీఎంసీ పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసి సూపరింటెండెంట్ గారి బీరువాలో ఉంచాం. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో వీఎండీ డ్రైవర్ ఎప్పుడూ ఉండేలా డ్రాకట్ కాన్ఫిగ్‌లో ఒక వరుస చేర్చాను. దానికయ్యే ఖర్చు కొన్ని కిలోబైట్లు. మళ్ళీ ఎవరైనా ఫ్యాక్టరీ విలువలకి మారిస్తే కనీసం డిస్క్‌లు కనిపిస్తాయి.

వచ్చే ఏడాది కొత్త సర్వర్ కొంటామన్నారు. కొటేషన్ అడిగేటప్పుడు, పాడైన బయోస్‌ని బోర్డు తనంతట తానే గుర్తించి మంచి కాపీతో నింపుకునే సదుపాయం ఉందా అని రాతపూర్వకంగా అడగమన్నాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018లో 800-193 అనే మార్గదర్శకంలో ఫర్మ్‌వేర్‌కి రక్షణ, గుర్తింపు, పునరుద్ధరణ మూడూ ఉండాలని రాసింది. ఆ నంబర్ చెబితే అమ్మేవాళ్ళు దాటవేయడం కష్టం.

ఈసీసీ ఎర్రర్ల సంగతి కూడా చెప్పాలి. ఆ స్లాట్ నుంచి ఆ రాత్రి తర్వాత మళ్ళీ రాలేదు. నడుస్తున్నది పాత బయోసే. ర్యామ్‌లు తీసి మళ్ళీ పెట్టినప్పుడు కాంటాక్ట్ కుదిరి ఉంటుందని నా అనుమానం. సపోర్ట్ వాళ్ళ చెక్‌లిస్ట్‌లో ముందు వరుస బయోస్ అప్‌డేట్, మూడో నాలుగో వరుసలో ర్యామ్ తీసి పెట్టడం ఎందుకుంటాయో నాకు అర్థం కాదు. ర్యామ్ తీసి పెట్టడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

కొత్త వెర్షన్‌లో భద్రతా సవరణలు ఉన్నాయి కాబట్టి అది ఎప్పటికైనా వేయాల్సిందే. ఈసారి యూఎస్‌బీతో కాదు, బీఎంసీ నుంచి. అదే రోజు ఇంకో పరీక్ష కూడా పెట్టుకున్నాం. మొదటి డిస్క్ బయటికి లాగేస్తే రెండోదాని మీద ఉన్న ఈఎస్‌పీతో ఈ మెషిన్ నిజంగా లేస్తుందా అన్నది ఇంకా ఎవరం చూడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం డౌన్‌టైమ్ అడిగాం, మేడమ్ తేదీ చెప్పాలి.